నిన్నటి నీళ్లు

తెల్లవారగానే బాలప్ప ఇంటి పక్కన మోరీ కాలువలో నీళ్లు పారే చప్పుడు వినిపించేది. చేవెళ్ల బజారులో ఆ చప్పుడుతోనే నిద్ర లేచేవాళ్లు కొందరుండేవారు. అవి వాన నీళ్లు కావు, స్నానాల నీళ్లూ కావు. రాత్రి ఇంట్లో వాడగా మిగిలిన మంచినీళ్లు.

బాలప్ప భార్య సక్కుబాయి నిష్ఠ గల మనిషి. ఆ ఇంట్లో ఒక గంగాళం, రెండు కాగులు, ఎనిమిది బిందెలు, మొత్తం పదకొండు పాత్రలు. రాత్రంతా నిలిచిన నీళ్లు ఆమె దృష్టిలో పాసి నీళ్లు. పొద్దున్నే వాటన్నిటినీ మోరీలోకి ఒంపించాలి. పాత్రలు చింతపండు పెట్టి తోమించాలి. అరుగు మీద బోర్లించాలి. ఆ తరువాతే బావిలో చేద వేయాలి. ఆమె అత్త అలాగే చేసింది, అత్తకు అత్త కూడా అలాగే చేసింది. వానలు బాగా కురిసిన ఏళ్లలో అది శుభ్రత అనిపించుకుంది. 1969 ఎండాకాలంలో అదే పని ఏమయిందో చెప్పడానికే ఈ కథ.

ఆ ఏడు బడులు మూతపడ్డాయి. పట్నంలో ఉద్యమం నడుస్తున్నది. బస్సులు తిరిగిన రోజులకన్నా తిరగని రోజులే ఎక్కువ. గోడల మీద, బడి తలుపు మీద, చివరికి బాలప్ప కొట్టు చెక్కల మీద కూడా ఎవరో బొగ్గుతో 'జై తెలంగాణ' అని రాశారు. ఊరందరి చూపూ పట్నం నుంచి వచ్చే రోడ్డు మీదే ఉన్నది. ఏ కబురు వస్తుందో, ఎవరి పిల్లవాడు లాఠీ దెబ్బలు తిన్నాడో అన్న ఆదుర్దాలో బావుల్లోకి తొంగిచూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

బాలప్పకు మాత్రం తొంగిచూడకుండానే తెలిసింది. అతడు తాళ్ల వ్యాపారి. ఉప్పు, బెల్లం కూడా అమ్మేవాడు గాని, అతని పేరు నిలబెట్టింది చేంతాడు. తాడును మోచేతి నుంచి నడిమి వేలి కొన దాకా ఒక మూర చొప్పున కొలిచి ఇచ్చేవాడు. ఎవరి బావి ఎన్ని మూరల లోతో అతని మోచేతికి కంఠతా వచ్చు.

ఊరి చివర వాడలో తొమ్మిది ఇళ్లకు కలిపి ఒకటే బావి. ఆ బావికి తాడు కొనడానికి వచ్చేవాడు మారయ్య. రాళ్లు కొట్టి బతికే మనిషి. ఉగాది తరువాత వచ్చి పాత తాడుకు కలిపి కట్టుకోవడానికి నాలుగు మూరలు కొన్నాడు. ఇరవై అయిదు రోజులకు మళ్లీ నాలుగు. ఆ తరువాత పన్నెండు రోజులకే మరో నాలుగు. ఇప్పుడు ఆరు రోజులు తిరక్కుండానే మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"ఏమోయ్ మారయ్యా, మీ వాడల తాడు కూర వండుకుంటున్నరా ఏంది?" అన్నాడు బాలప్ప.

"మేమెక్కడ తింటం సేటూ! తినేది మా బావి. మొన్న ఇచ్చింది మింగి, ఇంకో నాలుగు మూరలు తెమ్మంటున్నది."

"గిట్ల ముక్కకు ముక్క కడితె ముడి నిలువది. కొత్తది ఒక్కటే పొడుగుది కొనుక్కో."

"ఉన్నదా మీ కాడ?"

లేదు. పట్నం నుంచి తాళ్ల కట్టలు తెచ్చే లారీ వచ్చి ఇరవై రోజులైంది. కొట్టులో మిగిలినవి ముక్కలే.

"లారీ రానియ్యి, ఇస్త."

"బందులు బందయ్యేదాక గొంతెండే దూప ఆగుతదా సేటూ? ఉన్న ముక్కే ఇయ్యి. ముడి నేను గట్టిగ ఏసుకుంట."

బాలప్ప కొలిచి ఇచ్చాడు. మారయ్య వెళ్లిపోయాక అతని మనసు తనంతట తనే లెక్క వేసింది. ఇరవై అయిదు రోజులు, పన్నెండు, ఆరు. ఇక మూడు. ఆ తరువాత తాడు అక్కర ఉండదు, ఎందుకంటే అందుకోవడానికి నీళ్లే ఉండవు. ఊళ్లో మిగిలిన బావుల తాళ్లూ అదే వరుసలో పొడుగవుతున్నాయి. ఈ సంగతి ఆనాడు ఊరు మొత్తం మీద ఒక్క మనిషికే తెలుసు. అతడు నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదంటే, అతని ఇంటి పెరట్లో ముప్ఫై రెండు మూరల బావి ఉన్నది. బజారులో దానంత లోతు బావి మరొకటి లేదు. నీళ్లు అయిపోతున్నాయని చెబితే వాడలన్నీ కుండలు పట్టుకుని తన పెరటికే వస్తాయి. చెప్పకపోతే ఎవరి బావి వారిది. బాలప్ప చెడ్డవాడు కాడు. లాభనష్టాలు ముందుగా చూసుకునే మనిషి, అంతే. కాని అతడు వేసిన లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. తన ఇంటి మోరీలో రోజూ ఎన్ని బిందెలు పోతున్నాయో అతడు కలపలేదు.

మారయ్య భార్య ప్రేమమ్మ బాలప్ప ఇంట్లోనే పాత్రలు తోమేది; వాడ మనిషి గనుక బావి మీద చేద మాత్రం వేయనిచ్చేవారు కాదు. గురువారం పొద్దున ఆమె గంగాళం ముందు కూర్చుని చెయ్యి ఆడించకుండా నీళ్లలోకి చూస్తున్నది. నీళ్లు తేటగా ఉన్నాయి. గంగాళం అడుగున ఉన్న సన్న గీత కూడా కనిపిస్తున్నది.

"అమ్మా, గియ్యి మోరిల కొట్టుడెందుకు? నా కుండల పోసుకపోత. మా బావిల బురదే వస్తున్నది."

సక్కుబాయి నిజంగానే నొచ్చుకుంది. "ఏందే ప్రేమా, పాసి నీళ్లు నీకిచ్చి నేను పాపం కట్టుకోవాల్నా? నిన్నటి నీళ్లు మనిషన్నోనికి ఇస్తరా? తాజాయి తోడినంక రా, రెండు చెంబులు పోస్త."

"దూపకు నిన్న, ఇయ్యాల అని ఏం తెలుస్తదమ్మా?"

"మాటలు బాగనే నేర్చినవ్. ముందుగాల ఒంపు."

సక్కుబాయి పిసినారి కాదు. ప్రేమమ్మ పిల్లకు జ్వరం వస్తే మజ్జిగ పంపించింది, పాత చీరలు పిలిచి ఇచ్చింది. పారబోయడం కన్నా పాసి నీళ్లు ఒకరికివ్వడమే పెద్ద తప్పని ఆమె నమ్మకం. దుర్మార్గం వల్ల జరిగే చెడును అందరూ గుర్తుపడతారు. ఇలా మర్యాద పేరుతో జరిగే చెడును గుర్తుపట్టడానికి ఒక ఊరికి ఒక ఎండాకాలం పట్టింది.

ప్రేమమ్మ గంగాళం ఒంపింది. మంచినీళ్లు తన చేతితో మోరీలో పోసి, మహా అయితే రెండు చెంబుల నీళ్లతో ఇంటికి పోవడం ఆ నెలలో ఆమె రోజూ చేస్తున్న పని. ఒంపుతూ ఒంపుతూ అన్నది: "రేపు ఆయన మా బావిల దిగుతనంటున్నడు. అడుగున గుంత తవ్వి చెలిమ తీస్తె ఇంటికి రెండు బిందెలన్న ఊరుతయంట."

పక్క గదిలో అంబలి తాగుతున్న బాలప్పకు ఆ మాట వినబడింది. తాడు గుర్తుకు వచ్చింది. ముక్కకు ముక్క, నాలుగు ముడులు. నీళ్ల చేదను మోసే ముడి వేరు, మనిషిని మోసే ముడి వేరు. లేచి వెళ్లి ఒక మాట చెప్పాలనుకున్నాడు. అంతలో కొట్టు ముందు ఎవరో బెల్లం అడిగారు. తూకం వేసే సరికి ఆ మాట మనసులో వెనక్కి పోయింది.

శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే మోరీ పారింది. పదకొండు పాత్రలూ తళతళలాడుతూ అరుగు మీద బోర్లా పడుకున్నాయి. సక్కుబాయి బావిలో చేద వేసింది. నీటి చప్పుడు రాలేదు. ఠంగున రాయి మోగింది.

ఆమె ఇంకోసారి వేసింది. మళ్లీ అదే మోత. చేద పైకి వస్తే అందులో గుప్పెడు తడి మొరం.

"జర ఇటు రాండ్రి!" అని కేక పెట్టింది. "చేద రాయికి తగులుతున్నది!"

బాలప్ప వచ్చాడు. తాడు పట్టి చూశాడు. ముప్ఫై రెండు మూరలూ లోపలే ఉన్నాయి. ఇక కొలవడానికి ఏమీ లేదు. అంతలో వాడ వైపు నుంచి ఆడవాళ్ల అరుపులు వినిపించాయి.

ఆ పొద్దునే మారయ్య నడుముకు తాడు కట్టుకుని వాడ బావిలో దిగాడు. పైన అతని తమ్ముడు సాముయేలు, మరో నలుగురు తాడు పట్టారు. మొదటి రెండు ముడులు ఎలాగో గిరక దాటాయి. మూడోది ఇరుక్కుంది. వదిలించడానికి ఒక్క గుంజు గుంజారు. ముడి విడిపోయింది. మారయ్య ఎనిమిది మూరల ఎత్తు నుంచి రాతి మీద పడ్డాడు.

వేరే బావి తాడు తెచ్చి, అతన్ని పైకి తీసి, మంచం మీద బజారుకు మోసుకొచ్చారు. కాంపౌండర్ వచ్చే దాకా నీడ కోసం బాలప్ప అరుగు మీదే దించారు. కుడి కాలు తొడ దగ్గర వంకర తిరిగి ఉన్నది. మారయ్య కళ్లు తెరిచి ఒక్కటే మాట అన్నాడు.

"దూప... జరన్ని నీళ్లు..."

ఏనాడూ ఆ వాడ మనిషికి తన చెంబు అందివ్వని సక్కుబాయి, ఆ రోజు తన సొంత చెంబు పట్టుకుని పరుగెత్తింది. ఒక బిందె లేపింది, ఒట్టిది. ఇంకొకటి లేపింది. తెలిసి తెలిసీ పదకొండూ లేపి చూసింది. ఇరుగు పొరుగు ఇళ్లకు పోయింది. ఆ బజారంతటా అదే ఆచారం, ఏ అరుగు మీద చూసినా బోర్లించిన బిందెలే, ఏ బావిలో చూసినా బురదే. చివరికి ఒకరింటి నుంచి అర చెంబు బురద నీళ్లు దొరికితే, అది తాగించవద్దని కాంపౌండర్ వారించాడు.

ప్రేమమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నది. ఆమె సక్కుబాయి వైపు చూడలేదు. ఇంకా తడి ఆరని మోరీ వైపు చూస్తున్నది.

"నేనే ఒంపిన," అన్నది. "గిప్పుడే, నా చేతులతోనే ఒంపిన."

సక్కుబాయి ఒట్టి చెంబును బోర్లించిన బిందెల పక్కన పెట్టింది.

కాంపౌండర్ కాలికి బద్దలు కట్టి, వెంటనే పట్నం దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఆ రోజు బంద్, బస్సులు లేవు. బండి తోలే సత్తయ్య ఎడ్లు కట్టాడు; ప్రేమమ్మ, సాముయేలు ఎక్కారు. ఎవరూ రమ్మనకుండానే బాలప్ప బండి ఎక్కి మారయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

మొయినాబాద్ దాకా నాలుగు గంటల దారి. నడినెత్తిన ఎండ. రోడ్డు పక్కన కనబడిన బావి దగ్గరల్లా సాముయేలు దిగి చూసి, తల అడ్డంగా ఊపుతూ తిరిగి వచ్చాడు. సగం దారిలో మారయ్య మూలగడం మానేశాడు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. ప్రేమమ్మ పిలిస్తే ముందు ఊఁ అన్నాడు, తరువాత కన్నురెప్ప కదిపాడు, తరువాత అదీ లేదు.

ఆ కుదుపుల్లో బాలప్ప లెక్కలోకి తప్పిపోయిన అంకె వచ్చి చేరింది. రాత్రి మిగిలి మోరీలో పోయేవి రోజుకు నాలుగు బిందెలు. ఉగాది నుంచి ఈనాటికి అరవై రోజులు. రెండు వందల నలభై బిందెలు. మారయ్య ఇంటి వాడకం రోజుకు రెండు బిందెలు. అంటే మారయ్య ఇంటికి నాలుగు నెలల నీళ్లు తన మోరీ తాగింది. ఆ మనిషి బావిలో దిగింది రెండు బిందెల కోసం.

మొయినాబాద్ మొదట్లో, రోడ్డు పక్కన ఒక పెంకుటిల్లు. గడపలో కూర్చున్న ముసలమ్మ బండిని చూసి తానే లేచి వచ్చింది. పేరు కరుణమ్మ. ఎవరు, ఎక్కడివారు అని అడగలేదు. లోపలికి పోయి, తడి బట్ట చుట్టిన కుండ నుంచి ముంతెడు నీళ్లు ముంచుకొచ్చింది.

"నిన్నటియి బిడ్డా, ఏమనుకోకున్రి," అన్నది.

ప్రేమమ్మ కొంగు తడిపి మొగుడి పెదవుల మీద పిండింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. చాలాసేపటికి మారయ్య గొంతు కదిలింది. గుటక పడింది. కళ్లు తెరిచి ముంత కోసం వెతికాడు.

కరుణమ్మ బాలప్పకూ ముంత అందించింది. అతడు రెండు చేతులా తీసుకుని తాగాడు. చల్లగా ఉన్నాయి. ఏ వాసనా లేదు.

"ఇంత కరువుల నీ ఇంట్ల నీళ్లెట్ల మిగిలినయవ్వా?" అని అడిగాడు.

"మిగలకేం జేస్తయి బాపూ? నిన్నటి కుండ ఒడిసినంకనే ఇయ్యాల బాయి కాడికి పోత. తాగెటోల్లు ఎప్పుడొస్తరో మనకు చెప్పొస్తరా?"

మారయ్య బతికాడు. నెలన్నర తరువాత దవాఖాన నుంచి వచ్చాడు. కుడి కాలు పొట్టిదైపోయింది. రాయి కొట్టే పని ఇక అతని వల్ల కాదు. బాలప్ప అతన్ని కొట్టులో కూర్చోబెట్టి తాళ్లు పేనే పని అప్పగించాడు. ఇంటి బావిలో నలుగురు దిగి మొరం తవ్వితే కాస్త ఊట పడింది. ఇప్పుడు ఆ బావి మీద ప్రేమమ్మ తన చేతితోనే చేద వేస్తున్నది, వాడ తొమ్మిది ఇళ్లకూ అక్కడినుంచే నీళ్లు. సక్కుబాయి బిందెలకు తడి బట్టలు చుట్టింది. మోరీ ఎండి పగుళ్లు వచ్చాయి.

కాని వాన ఇంకా రాలేదు. ఆషాఢం వచ్చినా ఆకాశంలో మబ్బు తునక లేదు. ఊట రోజుకు ఒక బిందె చొప్పున తగ్గుతున్నది.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి లారీ వచ్చింది. కొత్త తాడు వచ్చిందని ఊరంతా కొట్టు ముందు మూగింది. బాలప్ప తాడు కట్ట విప్పాడు గాని, మోచెయ్యి చాపలేదు. ముందున్న మనిషిని అడిగాడు:

"మూరలు తరువాత. పొద్దుగాల మీ ఇంట్ల ఎన్ని బిందెలు పారబోసిన్రో గది చెప్పు."

అందరూ నవ్వారు. మూలన తాడు పేనుతున్న మారయ్య నవ్వలేదు. నవ్వుతున్నవాళ్లు అతని కాలు చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు.

"ఉగాది దాటినప్పుడే నాకు తెలిసింది, బావులు అడుగంటుతున్నయని," అన్నాడు బాలప్ప. "నా బావి మీదికి వస్తరని చెప్పలె. దాచుకున్న బావి దాచుకున్నట్టే ఎండింది, మారయ్య కాలు పోయింది. తాడు మీరడిగినంత ఇస్త. తాడు పొడుగైతె నీళ్లు ఎక్కువ కావు, తెల్సుకోండ్రి. ఇంట్ల నిన్నటి నీళ్లు ఉండంగ ఇయ్యాల బావిల చేద ఎయ్యకున్రి. పారబోసిన ఆ బిందె ఎవరి పానమో, అడిగెటోడు గడపల పడేదాక మనకు తెల్వది."