దాచిపెట్టిన వరుసలు

మచాలాలో పొద్దున ఆరింటికి మూడు పనులు మొదలవుతాయి. రొట్టెల బట్టీవాడు తలుపు తీస్తాడు, మందు చల్లే విమానం అరటితోటల మీదికి లేస్తుంది, ఎగుమతి కంపెనీ ఆఫీసులో రిపోర్టు దానంతటదే నడవడం మొదలెడుతుంది. బట్టీ, విమానం ఎనిమిదింటికల్లా పని ముగించుకుంటాయి. రిపోర్టు మాత్రం పదిన్నర దాకా తేలదు.

రిపోర్టంటే బ్రహ్మవిద్యేం కాదు. నిన్న ఏ ప్యాకరు ఎన్ని పెట్టెలు కట్టాడు, మచ్చలున్నాయని అందులో ఎన్ని తిరగ్గొట్టారు, అంతే. మనిషికో వరుస. ఆఫీసువాళ్ళకీ ఉంటుంది, పెట్టెల గడిలో సున్నాతో. నేను కట్టే రోజుల్లో గంటకి మూడొందల పెట్టెలు దాటించేవాణ్ణి, ఒక్కటి వెనక్కొస్తే ఒట్టు. కాదనగలిగిన వాళ్ళంతా పోయారు గనక నా మాటే ఖాయం.

రిపోర్టు ప్రతి వరుస దగ్గరా ఆగి పేరు పిలుస్తుంది. ఆ మనిషి "హాజరు" అంటేనే కిందికి దిగుతుంది. పనిలో ఉన్నవాళ్ళు షెడ్లో ఉన్నచోటే పలికేస్తారు. ఆలస్యమంతా వెళ్ళిపోయినవాళ్ళతోనే. మనిషి పోతే అతని వరుసను అక్కడ ఎవరూ చెరపరు, అది రెండోసారి చంపడమే అనుకుంటారు. సిబ్బంది గుమాస్తా దోన్యా ఓబ్దులియా శిలువ గుర్తు వేసుకుని వరుసను దాచిపెడుతుంది. దాచిన వరుస కంటికి కనబడదు గానీ పిలుపు దానికీ అందుతుంది. పాపం వాళ్ళు శ్మశానం నుంచి రబ్బరు బూట్లతో నడిచి రావాలి. నాలుగువేల నూట పద్దెనిమిది మంది, అందులో సగం మందికి మోకాళ్ళు పట్టేశాయి. నేలంతా బురద. తుడిచే ఆవిడ అదనంగా రెండు బకెట్లు కావాలంది, ఇచ్చారు.

ఆ రిపోర్టుని బాగుచేసే మనిషి నెలిదా వలరేసో. సోమవారం నాడు మేనేజరు లోయాసా, ఇంజినీరు చదివినవాడు, ఆమె బల్ల మీద కాగితం పడేశాడు.

"తేదీలుండాల్సిన చోట ఈ జల్లెడ గుర్తులేంటి?"

"మీ చలవే ఇంజినీరుగారూ. అంతా ఒక్క కాగితంలో పట్టాలని గడులన్నీ ఇరికించారు. తేదీ పట్టక మిషను గుర్తులు పెట్టింది."

"నేనా? ఎప్పుడు?"

"రెండేళ్ళయింది. ఆగస్టులో."

"సరే, దిద్దు. ఇంకోటి, ఏడింటికల్లా నా చేతిలో ఉండాలి. వీళ్ళ మోకాళ్ళ కోసం ఓడ ఆగదు. శుక్రవారానికి రెండూ కాకపోతే నీ కాంట్రాక్టు పొడిగించను."

ఆ ఆగస్టు నుంచే, వచ్చేవాళ్ళకి మొహాలు లేవు. మొహం ఉండాల్సిన చోట దోమతెర లాంటి గడులు, గడుల్లోంచి "హాజరు" అన్న మాటొక్కటే. నెలిదా తండ్రి ఫెర్మీన్ ఆ సెప్టెంబరులోనే పోయాడు. వరుసలో తండ్రిలాగే ఎడమ బొటనవేలు తెగినవాణ్ణి గుర్తుపట్టి, రెండేళ్ళుగా రోజూ అతని చేతిలో కాఫీ, అరటికాయా గుడ్డూ మెదిపిన తిగ్రియో పెడుతూ వచ్చింది. మచాలాలో వేలు తెగని ప్యాకరుని నేనొక్కణ్ణేనన్న సంగతి ఆమెకెవరు చెప్పాలి?

మంగళవారం గడులు వెడల్పు చేసి, కాగితాన్ని అడ్డంగా తిప్పింది. బుధవారం పొద్దున మొహాలొచ్చాయి. కాఫీ అందుకున్న మనిషి బోసినోటితో నవ్వాడు. ఆమె అతన్ని ఎన్నడూ చూసి ఎరగదు.

"ఎవరండీ మీరు?"

"లిసిమాకోని, ఎల్ గ్వాబో షెడ్డు. రేపట్నుంచి పంచదార కాస్త తగ్గించమ్మా."

అతని వెనక తొమ్మిదో మనిషి ఫెర్మీన్.

"ఆ వెధవకి పోస్తున్నావే తల్లీ నా కాఫీ," అన్నాడు. "పైగా తిగ్రియో ఎంత బావుందో దారంతా చేసైగలతో నాకే వర్ణించేవాడు."

"చెప్పొచ్చు కదా నాన్నా."

"నోరేదీ?"

ఆమె రెండు చేతులతో ఆ మొహాన్ని పట్టుకుని చూసింది. ఈలోగా రిపోర్టు తర్వాతి పేరు పిలిచింది.

గురువారమంతా వేగం కోసం కుస్తీ పట్టింది. గడులకి వేసిన పాత రంగులు ఊడబీకింది, వరుసవరుసకీ మళ్ళీ లెక్కవేయడం మాన్పించింది. పన్నెండు నిమిషాలే కలిసొచ్చాయి. శుక్రవారం తండ్రి బల్ల దగ్గర ఆగాడు.

"మేం లేకపోతే ఇది ఎంతసేపట్లో అవుతుంది?"

ఆమె ఫ్లాస్కు తెరిచి అతనికి కాఫీ పోసింది.

"బూటు అడుగు ఊడిపోయింది తల్లీ. మా వరుసలు తీసెయ్."

"మొన్నే కదా నీ మొహం చూసింది."

"చూశావుగా."

ఆ మధ్యాహ్నం నెలిదా దాచిన వరుసల్ని ఒక్కొక్కటే చెరిపింది. చెరపడం ఎలాగో ఆ ఆఫీసులో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు, నేర్చుకోవాలని ఎవరూ కోరుకోలేదు. తండ్రిని చివరికి ఉంచింది. అయిదింటికి అదీ అయింది.

శనివారం రిపోర్టు పదకొండు సెకన్లలో వచ్చింది. నేల పొడిగా ఉంది. లోయాసా ఆమె భుజం తట్టాడు. సోమవారం ఉత్తరం ఇచ్చాడు: రిపోర్టు ఇబ్బంది లేకుండా నడుస్తోంది గనక దాన్ని బాగుచేసే ఉద్యోగం ఇక అవసరం లేదు.

దోన్యా ఓబ్దులియా ఏడ్చింది. ఏడుస్తూనే శిలువ గుర్తు వేసుకుని, ఎంతో గౌరవంగా, నెలిదా వరుసను దాచిపెట్టింది.

మంగళవారం ఆరింటికి పుయెర్తో బొలీవార్‌లో తన వంటింట్లో అరటికాయ మెదుపుతున్న నెలిదాకి పేరు వినబడింది. చెయ్యి గరిట వదిలేసింది. కాళ్ళు గుమ్మం పక్కనున్న తండ్రి పాత బూట్లలో దూరాయి. అక్కణ్ణించి ఆఫీసుకి డెబ్బై నిమిషాల నడక. పాత బల్ల దగ్గర నిలబడి "హాజరు" అనేసరికి ఏడు దాటి పది నిమిషాలు. రిపోర్టు అప్పుడు కదిలింది.

"ఇదేం ఆలస్యం?" అన్నాడు లోయాసా. "ఆ వరుస తీసెయ్యండి."

"తీయడం వచ్చిన మనిషి ఆవిడే, ఇంజినీరుగారూ," అంది ఓబ్దులియా.

"అయితే ఆవిణ్ణే తీయమనండి."

"నేనిక్కడ పనిచెయ్యట్లేదండీ," అంది నెలిదా.

ఇప్పటికీ రోజూ వస్తుంది. వానాకాలంలో ఇంకో పావుగంట పడుతుంది, బురద ఆమెదొక్కటే. పలికాక, అలవాటు కొద్దీ ఫ్లాస్కులోంచి రెండు కప్పులు పోసి, ఒకటి వెనక్కి చాపుతుంది. వరుసలో ఆమె వెనక ఎవరూ ఉండరు.