సగం మందం తివాచీ

తెల్లవారగానే నేల మీద రాలిన ఊలు ఏరుకోవడం ఇట్టోకి అలవాటైపోయింది. అత్తాకోడళ్లిద్దరూ పగలంతా మగ్గం ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చుని ముడులు వేస్తారు. పొద్దున్న చూస్తే వాటిలో సగం ఊడి కింద పడి ఉంటాయి. అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్లో దీనికెవరూ నోరు వెళ్లబెట్టరు. మనసులో లేని మాట అంటూ ముడి వేస్తే ఊలు నిలవదు, అంతే.

చిక్కల్లా ఆ మాట ఎవరిదో తెలియకపోవడమే. ఇట్టోది బిగుతు చెయ్యి, అత్త తూదది వదులు చెయ్యి. ఎవరి చోట వాళ్లే కూర్చుంటే తివాచీ ఒక పక్కకి లాగేస్తుంది. అందుకని వరస వరసకీ చోట్లు మార్చుకుంటారు. ఏ ముడి ఎవరు వేశారో ఎవరికి గుర్తుంటుంది?

ఇట్టో భర్త పోయి రెండు చలికాలాలు. సంతరోజున లారీలో వచ్చి చెల్లెల్ని మైదానానికి తీసుకుపోతాననీ, మళ్లీ పెళ్లి చేస్తాననీ ఆమె అన్న మోహా కబురు పెట్టాడు.

"వెళ్లవే పిల్లా. నాకేం, మేకలున్నాయి, పొయ్యి ఉంది," అంటుంది తూద ముడి బిగిస్తూ.

"నిన్నొదిలి పోనత్తా," అంటుంది ఇట్టో ఇంకో ముడి బిగిస్తూ.

ఊరంతా తూదనే అనుమానించింది. పొరుగింటి హద్దా మొహం మీదే అనేసింది. "ఉన్న ఒక్క కోడల్నీ పొమ్మని ఏ అత్త మనస్ఫూర్తిగా అంటుందమ్మా? నీ మాట ఊలుకే నచ్చట్లేదు."

తూదకి తల తిరిగిపోయింది. తను నిజంగానే పొమ్మంటోందా, లేక పోనని దాని నోట వినడానికే అంటోందా? పాలు పితకబోయి, మేక దగ్గర అలాగే నిలబడి, ఖాళీ చెంబుతో లోపలికొచ్చింది. ఇట్టోదీ అదే అయోమయం. అత్తకి తనంటే ఇంత ప్రేమని సంబరపడాలో, ఇన్నాళ్లూ దాచిందని కోపగించుకోవాలో తోచలేదు.

సంతకి ముందురోజు తూద తెగేసి చెప్పింది. "ఉన్న ముడులన్నీ పీకేసి ఇవాళ మళ్లీ వేద్దాం, చోట్లు మారొద్దు. నువ్వు కిటికీ వైపు, నేను గోడ వైపు. వంకరపోతే పోనీ."

మర్నాడు లారీ హారన్ వినబడే వేళకి ఇద్దరూ మగ్గం ముందు నిలబడ్డారు. గోడ వైపు ముడులన్నీ ఒత్తుగా, వేసినవి వేసినట్టే ఉన్నాయి. కిటికీ వైపు ఒక్కటీ లేదు. పడుగూ పేకా మాత్రం మిగిలి ఆ సగం జంపఖానాలా పలచబడింది.

ఇట్టో ముఖం పాలిపోయింది. పోనన్న ప్రతిసారీ నిజమే చెబుతున్నాననుకుంది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నాకు తెలియదత్తా. నిజంగా తెలియదు."

"నాకు మాత్రం తెలుసా? అందరూ అంటుంటే నేనే దొంగననుకున్నాను," అని తూద బల్ల మీద కూలబడింది. ఆవిడకి గుండె తేలికైంది, ఆ వెంటనే దిగులూ వేసింది.

నేయాల్సింది ఇంకా మూరెడు ఉంది. అయినా లేచి కత్తితో పడుగు దారాలు కోసేసింది. మగ్గం దిగిన తివాచీకి ప్రాణం పోయినట్టే లెక్క అక్కడ. ఆఖరి గుక్క పోసినట్టు దాని మీద నీళ్లు చిలకరించి, మడతపెట్టి కోడలి చేతుల్లో పెట్టింది.

"చలికి మందం వైపు పడుకో, ఎండలకి పలచటి వైపు. కొత్త మొగుణ్ణి మాత్రం నా వైపు పడుకోనివ్వకు."

ఇట్టో ఏడుస్తూనే నవ్వింది.

"ఇంక వెళ్లు," అంది తూద.

ఈసారి ఇట్టో పోనని అనలేదు.