దద్దుర్లకు దొరికిన దొంగ

పెద్దోడికి ఒళ్ళంతా దద్దుర్లు లేవడం మొదలై నెలలు దాటాయి. పొద్దున వీపు మీద లేచినవి మధ్యాహ్నానికి మాయమై తొడల మీద తేలేవి. ఆ దురద ముందు మంచివాడెవడూ మంచివాడుగా మిగలడు. పెద్దోడు మొదటినుంచీ అంత మంచివాడేమీ కాదు. అన్నదమ్ములిద్దరికీ కలిపి సంతలో ఒకటే మాంసం కొట్టు. పెద్దోడు ఎముకలు కొడితే చిన్నోడు ముక్కలు కోసేవాడు. గోళ్ళు చాలక పెద్దోడు కత్తి వెన్నుతో గోక్కునేవాడు. వాడి ముంజేతులు ఎప్పుడు చూసినా పుళ్ళే.

దురదకు ఒక దొంగ కావాలి కదా! గుడ్లు మానేశాడు, తగ్గలేదు. సబ్బు మార్చాడు, తగ్గలేదు. పెళ్ళాం ఉతికిన చొక్కాలన్నీ తగలబెట్టాడు, అయినా తగ్గలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? చివరికి అది కత్తులు కడిగే నీళ్ళ మీద పడింది. ఆ నీళ్ళలో క్రిములు చచ్చే మందు కలిపేది చిన్నోడే.

నిన్న పొద్దున, సంత కిటకిటలాడుతుండగా తమ్ముడి జుట్టు దొరకబుచ్చుకున్నాడు.

"నీళ్ళలో ఏం కలుపుతున్నావురా? నన్ను చంపి కొట్టు మింగుదామనా?"

"నీకు పిచ్చెక్కిందన్నా. వదులు!"

"తోడబుట్టినవాడికే విషం పెడతావురా!"

వాడి మొహం పట్టుకుని మాంసం కొట్టే మొద్దుకేసి బాదాడు. పన్ను ఊడింది. ఆసరా కోసం తడుముకున్న చిన్నోడి చెయ్యి కత్తి మీద పడి అరచెయ్యి చీరుకుపోయింది. ఆ చేతినే పట్టుకుని మెలితిప్పాడు పెద్దోడు. వాడి పుళ్ళ నెత్తురు, తమ్ముడి గాయం నెత్తురు కలిసి ఇద్దరి మోచేతుల దాకా కారాయి. జనం లాగకపోతే చంపేసేవాడే.

ఇవాళ డాక్టరు కబురు చేశాడు. కిందటివారం తీసిన రక్తం పరీక్ష ఫలితం వచ్చింది.

"నీ కాలేయంలో వైరస్ ఉంది. హెపటైటిస్ బి."

"మరి దద్దుర్లు?"

"దానివల్లే కావొచ్చు, కాకపోనూ వచ్చు. కొందరిలో రెండూ కలిసి కనిపిస్తాయి. ఖాయంగా చెప్పలేను. వైరస్ మాత్రం ఖాయం. నీ నెత్తురు ఎవరి గాయానికైనా తగిలిందా?"

పెద్దోడు తన ముంజేతుల పుళ్ళకేసి చూసుకున్నాడు. "తగిలితే?"

"ఇవాళే తీసుకురా. వెంటనే సూదులు వేస్తే చాలావరకు ఆపొచ్చు. ఆలస్యమైతే నా చేతిలో లేదు."

పెద్దోడు సంతకి పరిగెత్తాడు. చిన్నోడు చేతికి గుడ్డ చుట్టుకుని, వాచిన మూతితో కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. అన్నను చూడగానే కత్తి అందుకున్నాడు.

"రేయ్, నాకు జబ్బుందట. నిన్న నా నెత్తురు నీ గాయంలో కలిసింది. పద, సూది వేయించుకుందువుగాని."

"నిన్న విషమన్నావు, ఇవాళ జబ్బంటున్నావు. రేపేమంటావు?"

"నీ తప్పేం లేదురా. కాళ్ళు పట్టుకుంటా, పద."

"వీళ్ళందరి ముందు నన్ను విషం పెట్టేవాణ్ణి చేశావు. వీళ్ళందరి ముందే నీ మొహం పగలగొడతా. ఆ తర్వాతే ఎక్కడికైనా."

కత్తి విసిరేసి పిడికిలి బిగించాడు. గుడ్డలోంచి నెత్తురు ఉబికింది. పెద్దోడు చటుక్కున వెనక్కి దూకాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వెనకడుగు వెయ్యని మనిషి! సంత ఘొల్లున నవ్వింది.

"భయమేసిందా అన్నా?"

"అవున్రా, భయమే. చేత్తో మాత్రం కొట్టకు."

కొట్టు పరదాకు ఊతంగా పెట్టిన కర్ర లాగి వాడి ముందుకు తోశాడు.

"దీంతో కొట్టు. నా నెత్తురు మళ్ళీ నీకు తగలకూడదు."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

చిన్నోడు కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. తర్వాతిది ముక్కు చితక్కొట్టింది. నవ్వేవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. పెద్దోడు చేతులు విప్పలేదు. కడుపులో ఇంకొకటి పడేసరికి మోకాళ్ళ మీద కూలిపోయాడు. చిన్నోడి చేతిలోంచి కర్ర జారింది.

"అన్నా!" అంటూ వంగి లేపబోయాడు.

"ముట్టుకోకురా!" పెద్దోడు నెత్తురు కక్కుతూ దూరంగా దొర్లాడు. "నీ కోపం తీరిందిగా? ఇక నడు ఆస్పత్రికి. నేను వెనకాల వస్తా."

చిన్నోడు వెక్కుతూ నడిచాడు. వాడు ఆగి వెనక్కి చూసినప్పుడల్లా, గోడలు పట్టుకుని వస్తున్న అన్న బూతులు తిడుతూ ముందుకు తరిమాడు.