ఆవిరి సుత్తి కింద చెయ్యి

మూతపడ్డ మిల్లుల ఊరికి టూరిస్టులు వస్తారంటే మొదట్లో ఆ ఊరివాళ్లే పగలబడి నవ్వారు. కానీ గదులు చవక, తిండి చవక, తుప్పు ఉచితం. చేతిలో డబ్బు తక్కువ, ఫొటోల పిచ్చి ఎక్కువ ఉన్నవాళ్లంతా బస్సుల్లో వచ్చి దిగసాగారు. వాళ్లకి పాత సుత్తి షెడ్డు చూపించే పని ఆ ఊళ్లోనే పుట్టిన ఒకమ్మాయిది. అక్కడి ఆవిరి సుత్తిని ఇప్పటికీ వాళ్లకి నడిపి చూపేది ఆమె తండ్రి.

ముప్పై ఏళ్ల మోతకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. షెడ్డులో మాటలన్నీ చేతులతోనే. అరచెయ్యి కిందికి ఊపితే కొట్టమని. పిడికిలి ఎత్తితే అన్నీ ఆపి, ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడమని. తన సుత్తి కింద ఒక్కడి వేలు కూడా నలగలేదని ఆయనకి కొండంత గర్వం. పాపం, ఆయనకి మిగిలిందీ అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఒక కొత్త పెళ్లికొడుకు బామ్మర్దిని వెంటేసుకుని వచ్చాడు. ఇంత చవక ఊరు కనిపెట్టిన ఘనత తనదేనని ఒకటే కోతలు. చేతులు జేబుల్లో పెట్టుకోమని ఆమె రెండుసార్లు చెప్పింది. వింటేగా! గొలుసు దాటి, సుత్తి దెబ్బ పడే దాగలి మీద ఒక చెయ్యి ఆనించి, ఫోను ఇంకాస్త కిందికి దించి ఫొటో తియ్యమని బామ్మర్దికి రెండో చెయ్యి ఊపాడు.

ఆవిరి మబ్బులో పెద్దాయనకి ఆ ఊపిన అరచెయ్యి ఒక్కటే కనిపించింది. మీట లాగాడు.

ఆమె పిడికిలి ఎత్తుతూనే పరుగెత్తి వాణ్ణి కాలరు పట్టి ఈడ్చేసింది. దాగలికి జానెడు పైన సుత్తి ఆగింది. వాడు బోర్లాపడి ముక్కు పగలగొట్టుకున్నాడు.

చెయ్యి దక్కినందుకు దండం పెట్టాల్సినవాడు, బామ్మర్ది ముందు పరువు పోయిందని రంకెలేశాడు.

"నన్ను చంపుదామనుకున్నావేంట్రా ముసలాడా?" అంటూ పిడికిలెత్తి పెద్దాయన మీదికి దూకాడు.

పెద్దాయన పిడికిలి చూశాడు. చూసి, కదలకుండా నిలబడిపోయాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. మొదటి గుద్దుకి పెదవి చిట్లింది. మళ్లీ పిడికిలి లేచింది, మళ్లీ ఆయన అలాగే నిలబడ్డాడు. కనుబొమలు చీలి రెండు కళ్లూ నెత్తురుతో మూసుకుపోయాయి. కూలిపోయాక బామ్మర్ది బూటుకాలితో డొక్కలో తన్నాడు.

ఆమెకి ఒళ్లు తెలియలేదు. గోడకున్న ఇనుప పట్టకారు లాక్కుంది. పెళ్లికొడుకు మోకాళ్ల మీద వంగి, దాగలి పట్టుకుని ఆయాసపడుతున్నాడు. ఆ చేతి మీదే కొట్టింది. ఎముకలు పటపటమన్నాయి. కసి తీరక మళ్లీ కొట్టింది. బామ్మర్ది బావని వదిలేసి పరుగందుకున్నాడు.

పెళ్లికొడుకు నలిగిన చెయ్యి గుండెకి అదుముకుని గావుకేకలు పెడుతున్నాడు. పక్కనే పడున్న పెద్దాయనకి అవేమీ వినబడవు. కూతురి కోసం గాలిలో తడుముకున్నాడు.

"ఆ అబ్బాయి చేతికేం కాలేదు కదమ్మా?"

పట్టకారు కింద పెట్టి, ఆయన చెయ్యి అందుకుని, ఏం కాలేదన్నట్టు మెల్లగా నొక్కింది. చిట్లిన పెదవులతోనే ఆయన నవ్వాడు.