గవ్వలపాలెం సరుగుడు

కర్రను ఎడమకాలి కింద తొక్కిపట్టి, రెండు చేతులతో కత్తిని తనవైపు లాగింది రాహేలు. బెరడు పొడవాటి పీలికగా లేచి, మెలిక తిరిగి, ఒళ్లో పడింది. దాన్ని పక్కకు నెట్టి, కర్రను కొంచెం దొర్లించి మళ్లీ లాగింది. హైదరాబాదు గౌలిపురలో పొద్దున్నే ఆ వేళకు పాలు పిండడం అయిపోయి గేదెలను సందుల్లోకి వదులుతారు. అవి టాల్ గేటు ముందు ఆగి, రాలిన బెరడును వాసన చూసి, ముందుకు పోతున్నాయి.

కర్రలు అమ్మే ఆ టాల్ యజమాని మురళీధర్ తాతగారి నాటిది. ఒక పక్క వెదురు, ఇంకో పక్క సరుగుడు బాదులు. సెంట్రింగుకీ, సున్నాలు వేసేవాళ్ల పరంజాలకీ, బోనాల పందిళ్లకీ ఇక్కడినుంచే పోతాయి. బెరడు తీయని కర్రకు పురుగు పడుతుంది కాబట్టి వచ్చిన లోడునల్లా రాహేలు చెక్కాలి. హుస్సేనీ ఆలం నుంచి వచ్చే ఇక్బాలున్నీసా ఆ బెరడును పోగుచేసి, హోటళ్ల పొయ్యిలకు మోపులు కడుతుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని పనిచేస్తున్నారు. మాట్లాడుకునేది తక్కువే. ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే రెండోవారికి చెప్పకుండానే తెలిసిపోతుంది.

రాహేలు పొట్టి మనిషి. కత్తి లాగీ లాగీ కుడిభుజం కిందికి జారింది. సరుగుడు బెరడు రంగు అరచేతుల్లోకి ఇంకిపోయి, ఎంత తోమినా వదలదు. తెల్లన్నం కలుపుతుంటే ఆ వేళ్లు వేరేవాళ్ల వేళ్లలా కనిపిస్తాయి. ఆదివారం ప్రార్థనలో పక్కనున్నవాళ్లు చూడకుండా పిడికిళ్లు ముడుచుకుని కూర్చుంటుంది.

ఆమె పుట్టిందీ, కాపురం చేసిందీ సముద్రం ఒడ్డున, గవ్వలపాలెంలో. ఆమె పెళ్లయిన కొత్తలో ఒక తుపాను ఊరి ముందు వీధిని మొత్తం ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత ఒడ్డు పొడుగునా సరుగుడు మొక్కలు నాటించారు. ఇసుకలో మొక్క నాటడం ఒక పూట పని. దాన్ని బతికించడమే రెండు ఎండాకాలాల పని. ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీటిని ముంతతో తోడి కుండల్లో నింపి, కాలు దిగబడే దారిలో ఆడవాళ్లంతా మోశారు. ఆమె భర్త డానియేలు వేటకు పోని రోజుల్లో కావడి వేసుకుని నీళ్లు తెచ్చేవాడు. మేకలు కొరక్కుండా తాటాకు దడులు కట్టాడు. మొక్కలు మనిషి ఎత్తు దాటిన ఏడు, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఇళ్లలోకి రావడం మానేసింది. తర్వాత మరో తుపాను వచ్చింది. సముద్రం తోపు దాకా వచ్చి, తోపును దాటలేక వెనక్కి పోయింది.

డానియేలు జ్వరంతో పోయినప్పుడు ఆ తోపు వెనకనే, చర్చి సమాధుల్లో పూడ్చారు. పిల్లలు లేరు. వేట లేని ఇంట్లో ఒంటరి ఆడమనిషికి పని ఏముంటుంది? మట్టిపనికి వచ్చేవాళ్లతో కలిసి రైలెక్కి హైదరాబాదు చేరింది. కొన్నాళ్లు తట్టలు మోసి, చివరికి ఈ టాల్‌లో కుదిరింది.

సరుగుడు కర్రలను చెక్కడం ఆమెకు ఎన్నడూ బాధనిపించలేదు. ఇక్కడికి వచ్చేవన్నీ రైతులు అమ్మకం కోసం వేసిన తోటలవి. అది పంట. ఎదిగాక కోస్తారు. ఊరికి కాపలా ఉన్న చెట్లు వేరు. వాటి మీద గొడ్డలి పడుతుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

పొద్దెక్కాక లారీ వచ్చింది. డ్రైవర్ కమాలుద్దీన్ చాన్నాళ్లుగా ఈ టాల్‌కు తోలుతున్నాడు. తాళ్లు విప్పగానే కర్రలు దొర్లాయి. వాటితోపాటు బూడిదరంగు ఇసుక జలజలా రాలింది. ఈసారి సన్నవాటితో లావుపాటి దుంగలు కూడా ఉన్నాయి. రాహేలు ఒక దుంగ మొదట్లో అంటుకున్న ఇసుకను వేలితో గీరింది.

"ఏడికెల్లి తెచ్చినవ్ కమాల్ భాయ్?"

"గవ్వలపాలెం అంట అక్కా. సముద్రం పక్కనే. ఇది సగమే. ఇంక సగం నిలబడే ఉన్నయ్, ఇయ్యాలనే ఖాళీ బండితో మళ్ల పోతున్న."

ఆమె వేలికంటిన ఇసుకను చూసుకుంది. తర్వాత, చర్చి వెనక సమాధుల పక్కనున్న చెట్లు ఉన్నాయా పోయాయా అని అడిగింది.

"గవ్వే ముందుగాల కొట్టిన్రు. బండి తిప్పనీకి జాగ లేకుండె. ఆడనే తిప్పిన."

"సమాధుల మీదా?"

కమాలుద్దీన్ చేతిలోని తాడు ఆగిపోయింది. కొయ్య సిలువలు అంతకుముందే ఎవరో పీకి పక్కన పడేశారనీ, తనకు అంతా ఉత్త ఇసుకలాగే కనబడిందనీ నెమ్మదిగా చెప్పాడు.

రాహేలు ఫోన్ తీసి తమ్ముడు బాబురావుకు చేసింది. అతను ఊళ్లోనే ఉంటాడు. ముందు క్షేమసమాచారాలు అడిగాడు. తర్వాత, అక్కడ రిసార్టు వస్తోందనీ, చెట్లు ముసలివైపోయాయని పెద్దలంతా ఒప్పుకున్నారనీ, వీటికి బదులు ఇంకోచోట కొత్తవి నాటుతారనీ గడగడా చెప్పాడు. కోత కూలీలను తనే కుదిర్చానని మాత్రం చెప్పలేదు. వెనకనుంచి ఎవరో రంపానికి పెట్రోలు ఏదని అతన్నే అడగడం ఆమెకు వినబడింది.

"మీ బావ మీద లారీ తిప్పుతుంటే నువ్వక్కడే ఉన్నావా?" అంది.

"నువ్విక్కడ లేవు కదక్కా. ఊళ్లో ఉన్నోళ్ల కష్టం నీకేం తెలుసు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్లుగా ఆమెకు కోపం రాని రోజంటూ లేదు. వీధి కుళాయి దగ్గర వచ్చేది, అద్దె పెంచినప్పుడు వచ్చేది, తన నల్లటి చేతుల మీద వచ్చేది. అన్నీ సాయంత్రానికి చల్లారిపోయేవి. ఇది అలాంటిది కాదు.

లెక్కల గదిలోకి పోయి మురళీధర్ ఎదుట నిలబడింది. ఎప్పుడూ గడప బయటనుంచే మాట్లాడే మనిషి లోపలికి రావడంతో అతను తలెత్తి చూశాడు. ఆ సరుగుడు ఎక్కడిదో ఆమె చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. ఆమెకు కామెర్లయినప్పుడు దవాఖానకు తన స్కూటర్ మీదే తీసుకెళ్లాడు. ఇప్పుడు కూడా ఓపికగానే, వేలంలో కొన్నామనీ, పర్మిట్ ఉందనీ చెప్పాడు.

"నేను కొనకుంటే ఇంకోడు కొంటడు గదా రాహేలమ్మా."

"ఇంకోడు కొన్ననాడు వాణ్ని అడుగుతా సేటూ. ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నా." నగరానికి వచ్చాక అలవాటైన మాట తీరు ఆమె నోట్లోంచి జారిపోయి, ఒడ్డు మాట బయటికొచ్చింది. "కుండ నెత్తిన పెట్టుకుని పోశామండీ వాటికి నీళ్లు. మేం తాగడానికి లేనిరోజు కూడా పోశాం. ఆ చెట్టుకు నా చేత్తో తోలు తీయమంటారా?"

ఆ లోడు పక్కన పెట్టిస్తాననీ, వేరేవాళ్లతో చెక్కిస్తాననీ అన్నాడు మురళీధర్. అంతకన్నా దయగల మాట అతనికి తోచలేదు. ఆ దయకే ఆమెకు ఒళ్లు మండింది. మిగతా సగం కొనొద్దని అడిగింది. బయానా ఇచ్చేశానని అతను తల దించుకున్నాడు.

బయటికొచ్చి చేతులు కడుక్కుంది. కత్తిని పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇక్బాలున్నీసా మోపు కట్టడం ఆపి చూస్తోంది.

"యాడికి అక్కా?"

"ఊరికి. సగం ఉన్నాయంట."

ఇక్బాలున్నీసా వద్దనలేదు. తన కొంగున ఉన్న తమలపాకుల పొట్లాం తీసి ఆమె సంచిలో వేసింది. కమాలుద్దీన్ మొదట ఒప్పుకోలేదు. సేటుకు తెలిస్తే లొల్లి అవుతుందన్నాడు. రాహేలు బతిమాలలేదు. క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టి, పైకెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. కాసేపటికి అతను కూడా ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. గేదెలు దారిలో అడ్డంగా ఉన్నాయి. అవి తప్పుకునేదాకా హారన్ కొట్టకుండా ఆగి, సందు మలుపు తిరిగాడు. ఆమె వెనక్కి చూడలేదు.

నాలుగైదు రోజుల తర్వాత కమాలుద్దీన్ కొబ్బరికాయల లోడుతో నగరానికి వచ్చి, టాల్ దగ్గర ఆగి జరిగింది చెప్పాడు. రాహేలు బండి దిగి తిన్నగా రంపాల మధ్యకు నడిచిందట. తమ్ముడితో మాట్లాడలేదు. నరకడానికి గుర్తు పెట్టిన చెట్టు మొదట్లో, కత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకప్పుడు తనతో నీళ్లు మోసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోంచి వచ్చి పక్కన కూర్చున్నారు. సాయంత్రం పోలీసు వచ్చి కత్తి ఇమ్మన్నాడు.

"ఇది తోలు తీసేది బాబూ. చెట్లు కూల్చేవి అవిగో, ముందు వాటిని తీసుకుపోండి," అందట.

రెండు రోజుల తర్వాత పై అధికారులు విచారణ జరుపుతామన్నారు. కోత ఆగింది. చెప్పడం ముగించి, ఇకమీదట ఆ ఊరి బేరానికి తన బండి పోదని కమాలుద్దీన్ మురళీధర్‌తో అన్నాడు.

వానల్లో ఒకరోజు ఇక్బాలున్నీసా రాహేలుకు ఫోన్ చేసింది. అవతల హోరు. వాయుగుండం వచ్చిందనీ, చెట్లున్న వైపు ఇళ్లన్నీ నిలిచాయనీ, కొట్టేసిన వైపునుంచి సముద్రం లోపలికొచ్చి సమాధులన్నీ తీసుకుపోయిందనీ చెప్పింది రాహేలు. ఏడవలేదు. పళ్లు బిగించి మాట్లాడుతున్నట్టు ఉంది. నీళ్లు తగ్గాక మొద్దుల మధ్య మళ్లీ మొక్కలు పెడతామంది. ఇక రానని ఆమె చెప్పలేదు, ఎప్పుడొస్తావని ఇక్బాలున్నీసా అడగలేదు.

టాల్‌లో ఆమె చోటులో కొత్తమనిషి కూర్చోలేదు. మురళీధర్ బెరడు తీసే మిషన్ తెప్పించి, కరెంటు తీగ అందే గోడ పక్కన పెట్టించాడు. ఆమె కూర్చునే చోట, నేలలో సగం దిగి, రాహేలు కత్తి నూరుకునే సానరాయి ఉంది. నూరీ నూరీ అరిగిన దాని నడుమ పల్లంలో వాననీళ్లు నిలిచాయి.