చెయ్యిగారు

తడిగుడ్డతో నల్లబల్లను మూడుసార్లు తుడిచి, ఆరడానికి నోటితో ఊదుతున్నాడు చెయ్యిగారు. ఎనిమిది అడుగుల బల్ల ఊదితే ఆరేది కాదు. అయినా నలభై ఏళ్ళుగా ఏ బోర్డునైనా ఊదే మొదలుపెట్టాడు గనక దీన్నీ వదల్లేదు.

ఆ పేరు సినిమావాళ్ళు పెట్టింది. ఒక మహా గణిత మేధావి జీవితం మీద సినిమా తీస్తున్నారు. మేధావి వేషం కట్టిన హీరో అందగాడే, ఏడవమంటే ఏడుస్తాడు, నవ్వమంటే నవ్వుతాడు. సుద్దముక్క చేతికిస్తే మాత్రం కోడి కెలికినట్టు రాస్తాడు. అందుకని బజారులో సైన్‌బోర్డులు రాసుకునే ఈ ముసలాయన్ని పట్టుకొచ్చారు. రోజూ పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, బల్ల నిండా లెక్కలు రాసిపెట్టాలి. ఆఖరి రోజున మేధావి చెయ్యి ఒక్కటే కనబడే దృశ్యం ఉంది, ఆ చెయ్యి ఈయనదే. చెయ్యి వచ్చిందా, చెయ్యి భోంచేసిందా అని అడిగీ అడిగీ, పెద్దవాడు కదా అని చివర ‘గారు’ తగిలించారు.

అరవై మూడేళ్ళ మనిషి. బక్కపలచన, కాస్త గూని, చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. పదో తరగతిలో లెక్కలకు పదకొండు మార్కులు తెచ్చుకుని బడికి దండం పెట్టినవాడు. కాగితం మీద ఉన్న గుర్తుల్లో ఒక్కదాని పేరూ తెలియదు గనక సొంత పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి కొక్కెం, ఒకటి పందిరి, ఒకటి పడుకున్న ఎనిమిది. సినిమాకు సలహాలివ్వడానికి కాలేజీ నుంచి వచ్చిన లెక్కల మేష్టారు మొదటిరోజు ఆ పేర్లు విని చెవులు మూసుకున్నారు. పదో రోజుకు ఆయనే, “ఆ కొక్కెం కాస్త పొడుగు చెయ్యండి పెద్దాయనా” అనడం మొదలుపెట్టారు.

ఈవేళ ఆఖరి రోజు. చెయ్యిగారికి రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆయన రాసినవే, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇప్పుడు మిషన్లు గంటలో బోర్డు అచ్చుగుద్ది ఇచ్చేస్తున్నాయి. లారీల వెనక నంబర్లు తప్ప పని లేదు. ఇలాంటప్పుడు తెర మీద ఆయన చెయ్యి కనబడబోతోంది. భార్య ఆ సంగతి వీధి వీధంతా టముకు వేసేసింది. మీ ఆయనది ఏం వేషం అని ఎదురింటావిడ అడిగితే, తొణక్కుండా, గణిత మేధావి వేషమే, మొహం మాత్రం ఇంకొకరిది అని చెప్పిందట. సినిమా వస్తే ఏడుగురు ఆడవాళ్ళు ఆవిడతో కలిసి చూడ్డానికి సిద్ధంగా ఉన్నారు.

తీరా పదింటికి హీరో వచ్చి, ఈ దృశ్యంలో చెయ్యి కూడా తనదే ఉంటుందన్నాడు. నెల రోజులుగా ఇంట్లో రాత నేర్చుకుంటున్నాడట. దర్శకురాలు ముప్పై ఏళ్ళ అమ్మాయి, మెత్తని మనిషి, కాదనలేకపోయింది. చెయ్యిగారి దగ్గరికి వచ్చి ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఆయన దానికేముందమ్మా అన్నాడు. బల్ల వెనక్కి వెళ్ళి నిచ్చెన మెట్టు మీద కూర్చుని, ఇంటికెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఆవిడకు చెప్పడం ఒక ఎత్తు, ఎదురింటావిడకు ఆవిడ చెప్పుకోవడం ఒక ఎత్తు.

దృశ్యం ఇదీ. మేధావి జ్వరంతో తీసుకుంటూ మంచం దిగి వస్తాడు. జీవితమంతా వెతికిన సూత్రాన్ని బల్ల మీద ఒక్క వరుసలో రాస్తాడు. అంతే, ఆ తర్వాత ఆయన బతకడు.

మొదటిసారి హీరో చేతిలో సుద్దముక్క విరిగింది. రెండోసారి వరుస కొండెక్కింది. మూడోసారి బల్ల కీచుమని అరిచేసరికి అందరికీ పళ్ళు పులిశాయి. నాలుగోసారి అన్నీ కుదిరాయి గానీ ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. అలా రాస్తే మేధావి జీవితాంతం పడ్డ కష్టం సున్నా అవుతుందని లెక్కల మేష్టారు విచారంగా చెప్పారు. బల్ల వెనక చెయ్యిగారికి సంతోషమేసింది. సంతోషమేసినందుకు సిగ్గూ వేసింది.

“చెయ్యిగారిని రమ్మనండి” అంది దర్శకురాలు.

చెయ్యి ఒక్కటే కనబడుతుంది గనక ఆయన కోసం కోటు కుట్టించలేదు. పాత కోటుకు కుడిచేతి భాగం కత్తిరించి, భుజం దగ్గర నాడాతో కట్టారు. ఒంటిమీద చారల బనియను, ఒక చేతికి మేధావి కోటు. హీరో నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. చెయ్యిగారికి అవేమీ పట్టలేదు. కాగితాన్ని ఒకసారి చూసుకున్నాడు, బల్లను జానలతో కొలిచాడు. కెమెరా తిరిగింది.

ఆయన ఎడమ చివరికి వెళ్ళలేదు. నేరుగా బల్ల నడిమికి చెయ్యి చాచి, రెండు అడ్డగీతలు గీశాడు. సమాన గుర్తు! తర్వాత దాని కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, మళ్ళీ కుడిపక్క, మళ్ళీ ఎడమపక్క. అలా అటూ ఇటూ సమంగా పెరుగుతూ కొక్కేలూ, పందిళ్ళూ, పడుకున్న ఎనిమిదీ వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. రోజూ అందరూ వచ్చేసరికే బల్ల నిండిపోయి ఉండేది గనక ఆయన ఇలా రాస్తాడని అక్కడ ఒక్కరికీ తెలియదు. చివరి గుర్తు పడ్డాక అటు ఒక జాన, ఇటు ఒక జాన ఖాళీ మిగిలింది.

మేష్టారు కుర్చీలోంచి లేచారు. ప్రపంచంలో ఏ గణితజ్ఞుడూ సమాన గుర్తుతో మొదలుపెట్టడని, ఇది చూసి కాలేజీలో తన మొహాన ఉమ్ముతారని గొడవ చేశారు. చెయ్యిగారు బిక్కచచ్చిపోయాడు. చేతిదాకా వచ్చింది చేజేతులా పోగొట్టుకున్నాననుకున్నాడు.

“ఎందుకలా రాశారు?” అంది దర్శకురాలు.

“బోర్డు అలాగే రాస్తామమ్మా. నడుమ కుదిరితే అటూ ఇటూ వాటంతటవే కుదురుతాయి. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక పళ్ళ డాక్టరుకి మొదటినుంచి రాసుకుంటూ పోయాను. చివరి అక్షరానికి చోటు చాల్లేదు, గోడ మీద రాయాల్సొచ్చింది. ఆయన నన్ను తరిమాడు. మళ్ళీ రాస్తాలెండి, ఈసారి మొదటినుంచే.”

ఆ అమ్మాయి నాలుగడుగులు వెనక్కి వేసి బల్లను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

“వద్దు, ఇదే ఉంచుదాం. అందరూ మొదటినుంచే మొదలెడతారు కదా” అంది.

మేష్టారు అరగంట వాదించారు. ఆ తర్వాత ఒక మూల కూర్చుని, ఎవరూ చూడకుండా ఒక చీటీ మీద ముందు సమాన గుర్తు గీసి, అటూ ఇటూ రాసుకుంటూ పోయి చూశారు. చెయ్యిగారు చూశాడు గానీ చూడనట్టే ఊరుకున్నాడు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

“పడిందా?”

“పడింది.”

ఆవిడ మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఎదురింటికి పరుగెత్తింది.

వసారాలో తాళాలవాడి బోర్డు ఉంది. వీధి చివర పెట్టెకొట్టు వాడిది, మిషను బోర్డు వద్దని పట్టుబట్టి ఆయనకే ఇచ్చాడు. నీలం పూత ఆరింది. ‘తాళాలు’ అని రాయాలి. మనసు ఉల్లాసంగా ఉంది గనక కుంచె తీశాడు. ఎర్రరంగుతో నడిమి అక్షరం వేసి, ఊది, అది ఆరేదాకా కాసేపు గోడకు చేరగిలబడ్డాడు. ఎదురింటి నుంచి భార్య గొంతు వినిపిస్తూనే ఉంది. ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పి తిరిగి వచ్చేసరికి రంగు ఆరిపోయింది. ఆయన మాత్రం లేవలేదు.

ఆరు నెలలకు సినిమా వచ్చింది. ఏడుగురు ఆడవాళ్ళూ ఆవిడను ఒంటరిగా వదలకుండా నడుమ కూర్చోబెట్టుకున్నారు. రెండున్నర గంటల పాటు ఏం జరుగుతోందో ఒక్కరికీ అర్థం కాలేదు. చివరికి చెయ్యి కనబడింది. మేధావి ప్రాణం పోతుంటే ఒక వరుస వరుసంతా చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి కసురుకున్నాడు.

“ఆ చెయ్యి మా ఆయనది” అంది ఆవిడ. ఆ తర్వాత ఏడ్చింది. ఆయన పోయినప్పటినుంచి అంత గట్టిగా ఏడవలేదు.

పత్రికలన్నీ హీరో చేతిని తెగ మెచ్చుకున్నాయి.

మర్నాడు ఆవిడ తాళాలవాణ్ణి పిలిచి, బోర్డు తీసుకెళ్ళి మిగతా రెండక్షరాలూ ఎవరిచేతనైనా రాయించుకోమంది. “ఎవరు రాస్తారు పిన్నీ, అంత సరిగ్గా?” అని, వాడు దాన్ని అలాగే చంకన పెట్టుకుని పోయాడు.

ఇప్పుడు వీధి చివర ఆ పెట్టెకొట్టు మీద, నాలుగడుగుల నీలం బోర్డులో, అటు ఎంత ఖాళీనో ఇటూ అంతే ఖాళీ వదిలి, ఎర్రగా ఒక్క ‘ళా’ ఉంది.