ఆపిన విమానం

భారతి తలకు తగిలించుకున్న హెడ్‌సెట్‌లో బెంగళూరు ఇంజనీరు ఒక చక్రం అరిగిపోయిందని చెబుతున్నాడు. చేతిలోని ఫోనులో చెన్నై స్టోరు వాళ్ళు కొత్త చక్రాన్ని ఏ విమానంలో పంపాలో అడుగుతున్నారు. రెండు మాటలకూ ఒకే గొంతుతో జవాబు చెప్పి, చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

భోగాపురం విమానాశ్రయం వెనక కిటికీ లేని గది అది. ఆ చిన్న సంస్థ విమానాలకు ఏ ఊళ్ళో ఏ నలత వచ్చినా కబురు ముందు ఇక్కడికే వస్తుంది. ఏ భాగం ఎక్కణ్ణుంచి తెప్పించాలి, ఏ మరమ్మతు ఇప్పుడే చెయ్యాలి, ఏది రెండు రోజులాగినా ప్రమాదం లేదు అన్నవి తేల్చేది ఈ గదే. నియమాల పుస్తకం ఒప్పుకుంటే పంపుతారు, లేకపోతే ఆపుతారు. చివరి మాట కుర్చీలో ఉన్నవాళ్ళది.

పదేళ్ళుగా భారతి ఆ కుర్చీలో ఉంటోంది. హెడ్‌సెట్ నొక్కే చోట జుట్టు పల్చబడింది. విమానాలు బాగుచేసే హేంగరులో పని నేర్చుకునే రోజుల్లో తీసేసిన గాజులు మళ్ళీ వేసుకోలేదు. అప్పుడు నలిగిన చూపుడువేలి గోరు ఇప్పటికీ సగమే పెరుగుతుంది. ఈ కుర్చీలోకి వచ్చాక విమానాన్ని చేత్తో తాకిన సందర్భాలు తక్కువ.

సెల్‌ఫోను మోగింది. నాన్న.

"బారతీ, లోపలికొచ్చీసినానే. కిటికీ కాడ సీటిమ్మంటే ఆ పిల్ల నవ్వుతన్నాది."

"సీటు మిగిల్తేనే ఇస్తారు నాన్నా. ఉద్యోగుల ఇంటోళ్ళకి అలాగే. ఈవేళ ఖాళీలున్నాయిలే. మూట ఏటన్నారు?"

"ఏటంతారు? మిషన్లోకి తోసీసి ముక్కు మూసుకున్నారు. ఎండుసేపలు, నెత్తళ్ళని సెప్పినాను. వలదారంతో గట్టిగా ముడేసినానే. మా బావకి తప్ప ఇంకెవుడికీ ఇప్పడం రాదు."

కళింగపట్నం దగ్గర నాన్న అసిరయ్య, ఆయన బావ నూకయ్య ముప్పై ఏళ్ళు ఒకే తెప్ప మీద చేపల వేటకు వెళ్ళారు. ఇప్పుడు నూకయ్య రెండు కిడ్నీలూ పోయి హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న కాస్త తెలివొచ్చినప్పుడు "అసిరిగాడేడి?" అన్నాడట. సాయంత్రం దాకా ఉంటాడో లేడో చెప్పలేమన్నారు డాక్టర్లు. రైలంటే రాత్రంతా పడుతుంది. అందుకే డెబ్బై రెండేళ్ళకు అసిరయ్య మొదటిసారి విమానం ఎక్కబోతున్నాడు.

ఫోను పెట్టేసరికి హెడ్‌సెట్‌లో మోహనకృష్ణ వచ్చాడు. బయట విమానం పక్కనున్న ఇంజనీరు అతనే.

"మేడమ్, హైదరాబాద్ దానికి చిన్న ఇబ్బంది. ఎడమ ఇంజిన్ రివర్సరు తెరుచుకోవడం లేదు. లాక్ చేసేస్తాను. అరగంటలో పంపేద్దాం."

నేల మీదికి దిగాక వేగం తగ్గించడానికి అదొక సాయం. చక్రాల బ్రేకులుంటే చాలు, ఒకవైపుది మూసేసి ఎగరవచ్చని పుస్తకంలోనే ఉంది. అలా మూయించి భారతి ఎన్ని విమానాలు పంపిందో ఆమెకే గుర్తులేదు.

హైదరాబాదులో వాన పడుతోందా అని అడిగింది. లేదన్నాడు. బ్రేకులు కొత్తవేనా అంది. పోయిన వారమే మార్చామన్నాడు. నాన్న ఎక్కాల్సింది ఆ విమానమే.

"వద్దు. ఆపెయ్యండి."

"మేడమ్, రోజూ చేసేదే కదండీ?"

"ఆపమన్నాను కదా. పంకాల విమానం ఖాళీగా ఉంది, దాన్ని పంపండి."

రెక్కలకు పంకాలుండే ఆ విమానం చిన్నది. టిక్కెట్టు కొన్నవాళ్ళకే చాలలేదు, మిగిలినవాళ్ళని సాయంత్రానికి మార్చారు. ఉద్యోగుల తాలూకు మనుషుల్ని అడిగే పనే లేకపోయింది. అలా అవుతుందని భారతికి తెలుసు. తెలిసే చెప్పింది.

"నువ్వే ఆపినావంట కదే!" అన్నాడు అసిరయ్య మళ్ళీ ఫోనులో. గొంతులో గర్వం. "మంచి పని సేసినావు. సిల్లున్న తెప్ప మీద ఎవుడెల్తాడు? సాయంత్రందాన్లో ఎల్తాన్లే. మా బావ మొండోడు, ఉంతాడు."

మధ్యాహ్నం తిరుపతి నుంచి ఫోను వచ్చింది. ఇంకో విమానం, అదే రివర్సరు, ఈసారి కుడివైపు.

"లాక్ చేసి పంపండి," అంది భారతి, అన్నం డబ్బా మూత తీస్తూ.

అనేశాక చెయ్యి ఆగింది. అవతల ఇంజనీరు సరేనని ఫోను పెట్టేశాడు. ఎదురుగా ఉన్న కంప్యూటరు తెర మీద ఆ విమానం వరసలోకి వచ్చింది, నెమ్మదిగా కదిలింది, ఎగిరింది. దాంట్లో ఎవరి తండ్రులున్నారో ఆమె ఏనాడూ చూడలేదు. దిగేదాకా అన్నం ముట్టలేదు. అది మామూలుగానే దిగింది.

మూడింటి వేళ కాపలా అతను పిలిచాడు, గేటు దగ్గర ఎవరో పెద్దాయన ఉన్నాడని.

అసిరయ్య ఇస్త్రీ పంచె నలగకుండా, ఎండలో నిలబడే ఉన్నాడు. మూట రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఎల్లిపోనాడే," అన్నాడు. "రెండింటప్పుడంట. గుమ్మం కేసే సూసినాడంట."

భారతి ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"నాన్నా, పొద్దున్న ఆ ఇమానం..."

"నీ తప్పేటున్నాదే? పాడైపోయిన దాన్లో కన్నతండ్రిని తోసీస్తావేటి?" చేత్తో ఆమె తల నిమిరాడు. హెడ్‌సెట్ నొక్కిన చోట వేళ్ళు ఆగాయి. "ఇక్కడ జుట్టూడిపోతన్నాదే. నూనె రాసుకోవా?"

అది ఎగరదగ్గదేనని, ఆయన ఉన్నాడనే ఆపానని చెప్పాలి. చెబితే ఆయనకు మిగిలిన ఆ కాస్త గర్వం కూడా పోతుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పడం ఆమె వల్ల కాదు.

"రేపు పొద్దున్నకి బావని ఊరికి తెచ్చీస్తారంట. ఒడ్డునే సూసుకుంతాను." మూట ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నువ్వుంచు. ఇంటికి మోసుకెల్లి నానేటి సేస్తాను?"

ఆటో ఎక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

భారతి గదిలోకి వచ్చి కూచుంది. హెడ్‌సెట్‌లో మోహనకృష్ణ పొద్దుటి విమానం బాగైందని, పంపమంటారా అని అడుగుతున్నాడు. పంపమంది. బల్ల మీద, చల్లారిన టీ పక్కన, నెత్తళ్ళ మూట ఉంది. పచ్చటి వలదారం ముడి బిగుసుకునే ఉంది.